కొలువులోని కుంచె

ఏక్‌బాల్‌పూరు నుండి పడమటికి పోయినచో మటియాబురుజు వచ్చును. ఉత్తరమున ఖిదిర్‌పూరు రేవు, దాని కావల హుగ్లీ నది. తూర్పున ఆలీపూరు దాటి, టాలీ కాలువ వెంబడి దక్షిణముగా సాగినచో టాలీగంజి. కలకత్తాలో కేంద్ర ప్రభుత్వపు కొలువు చేయు ఆంధ్రులకు ఈ పేటలన్నియు చిరపరిచితములే. అయినను భారతదేశమున బొమ్మలు కదలనేర్చిన చరిత్రలో టాలీగంజికి, హుగ్లీకి, మటియాబురుజునకు కొంత పాలు కలదని చెప్పినచో చాలమందికి వింతగా తోచవచ్చును. ఆ చరిత్రను నడపినవారిలో పెక్కుమంది కేంద్ర ప్రభుత్వోద్యోగులే యనుట అంతకంటె వింత.

కార్టూను చిత్రమనగానే పిల్లల వినోదమని తోసివేయుట పరిపాటి. ఆ పనిలోని శ్రమ యెట్టిదో ముందు తెలిసికొనవలెను. సినిమా తెరపై సెకనుకు 24 పటములు పడును, నిమిషమునకు 1,440. రెండేసి పటములకు ఒక బొమ్మ చొప్పున సరిపెట్టుకొన్నను, పది నిమిషముల చిత్రమునకు 7,200 బొమ్మలు గీయవలసి యుండును. కంప్యూటరు రాకపూర్వము ప్రతి బొమ్మను కాగితముపై పెన్సిలుతో గీసి, పారదర్శకమైన సెల్యులాయిడు రేకుపైకి సిరాతో దింపి, రేకు వెనుకవైపున రంగులు నింపి, వెనుక దృశ్యముపై పరచి, కెమెరా క్రింద ఒక్కొక్కటిగా ఫొటో తీసెడివారు. ఇంత చేసినను ఆ చిత్రము కొరకే టిక్కెట్టు కొనువాడు లేడు. అసలు సినిమాకు ముందు వచ్చు చిల్లర సరకుగానే హాళ్ళవారు దానిని ఎంచిరి. కనుక ఈ కళను పోషింపగలవారు ఇద్దరే: కలిమి గల వర్తకుడు, లేదా ప్రభుత్వము. అమెరికాలో మొదటివాడు దొరికెను. భారతదేశమున రెండవవాడు దొరికెను. ప్రభుత్వము పోషించిన కళ ప్రభుత్వ ప్రకటనగానే మిగిలిపోవునా, లేక గీసినవాని గొంతు అందులో ఎప్పుడైనను వినబడునా అన్నది ఇచ్చట తేల్చుకొనవలసిన ప్రశ్న. పురస్కారముల పట్టికలను ఒకటి రెండు ముందుంచుకొని చూచినచో దీనికి కొంత సమాధానము దొరకును.

ముందుగా టాలీగంజి. 1931లో బి. ఎన్. సర్కారు స్థాపించిన న్యూ థియేటర్సు సంస్థ 1934లో ‘పీ బ్రదర్స్’ అను చిన్న చిత్రమును విడుదల చేసెను. తెలుగున చెప్పవలెనన్న ‘బఠాణీ సోదరులు’. దానిని తీసినవాడు గుణమయ బెనర్జీ. నిడివి కొలది నిమిషములే. భారతదేశమున హాళ్ళలో ప్రదర్శింపబడిన తొలి కార్టూను చిత్రములలో దానిని లెక్కింతురు. అంతకుముందే దాదాసాహెబ్ ఫాల్కే ఈ విద్యను తాకి విడిచినాడు. ‘రాజా హరిశ్చంద్ర’ తీయుటకు పూర్వము ఆయన కుండలో బఠాణీ విత్తు నాటి, అది మొలకెత్తి తీగ సాగువరకు కొంచెము కొంచెముగా ఫొటోలు తీసి, మొలక తెరపై కన్నుల యెదుట పెరుగునట్లు చూపెను. 1915లో అగ్గిపుల్లలను కదిలించి ‘అగ్‌కాడ్యాంచీ మౌజ్’ తీసెను. ఫాల్కే చేతిలో మొలకెత్తిన బఠాణీ గింజ బెనర్జీ చేతిలో కాళ్ళు చేతులు తెచ్చుకొన్నదని వేడుకగా అనుకొనవచ్చును గాని, ఒకరి పని రెండవవారికి వారసత్వముగా అందలేదు. ఇద్దరును తమ తమ ఉత్సాహముకొలది చేసి, వ్యయము భరింపలేక మానుకొనిరి.

సరిగా ఆ సంవత్సరములలోనే అమెరికాలో అకాడమీవారు కార్టూను చిత్రములకు ప్రత్యేక పురస్కారము నెలకొల్పిరి. 1932వ సంవత్సరపు చిత్రములతో అది ఆరంభమైనది. మొదటి ఎనిమిది పర్యాయములును వాల్ట్ డిస్నీ సంస్థయే దానిని గెలుచుకొన్నది. పోటీ యనిన పేరే గాని అది ఒక ఇంటి వారసపు ఆస్తివలె నడిచినది. ప్రపంచమంతట కార్టూను అనగా డిస్నీ బొమ్మలవలె గుండ్రముగా, మెత్తగా, రబ్బరువలె సాగుచు ఉండవలెనను అభిప్రాయము అప్పుడే స్థిరపడెను. అందుండి బయటపడుటకు అన్ని దేశములవారికిని చాలకాలము పట్టినది. భారతదేశమునకును అంతే.

స్వాతంత్ర్యానంతరము 1948లో సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ క్రింద బొంబాయిలో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడెను. 1956లో అందులో కార్టూను విభాగము పుట్టినది. విద్య నేర్పుటకై అమెరికా సాంకేతిక సహాయ పథకము క్రింద క్లేర్ వీక్స్ అను చిత్రకారుడు వచ్చెను. ఆయన డిస్నీ సంస్థలో పనిచేసినవాడే. అయితే మిషనరీ దంపతులకు భారతదేశముననే జన్మించినవాడు. ఆయన చేతిక్రింద నేర్చినవారిలో మద్రాసు విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్ర పట్టభద్రుడు రామ్‌మోహన్ ఒకడు. రసాయన శాస్త్రము చదివినవాడు బొమ్మల కొలువులో చేరుట ఆనాటి మధ్యతరగతి గృహములలో ఎట్టి కలవరము పుట్టించునో పాఠకులు ఊహింపగలరు.

ఈ విభాగపు తొలి పెద్ద పని 1957 నాటి ‘ది బన్యన్ డీర్’. కథ బౌద్ధ జాతకములలోనిది. కాశీరాజు వేటకై ప్రతిదినము ఒక లేడిని బలి యిచ్చు ఏర్పాటు జరిగినది. చూలుతో ఉన్న ఒక లేడికి వంతు వచ్చెను. దానికి బదులు మఱ్ఱిమాను మృగరాజు తానే వధ్యస్థానమున తలయుంచెను. రాజు మనసు కరగి లేళ్ళ కన్నింటికిని అభయమిచ్చెను. బొమ్మల రూపమునకు అజంతా కుడ్యచిత్రములను ఒరవడిగా గ్రహించిరి. ఈ యెన్నిక గొప్పది. లేడి కన్నులలోని జాలి, రాజపరివారపు వంపులు, ఆ పొదలు, ఆకులు మన గోడల మీదివే యని చూచినవాడు గుర్తించును. కాని లోపము కూడ అచ్చటనే ఉన్నది. అజంతా మూర్తి నిశ్చలముగా ఉండుటకై పుట్టినది. దాని సొగసంతయు ఆగిన క్షణమున ఉన్నది. దానిని డిస్నీ పద్ధతిలో నడిపింపగా మేను మనది, నడక పరాయిది అయినది. అయినను అప్పుడే కుంచె పట్టిన పదిమంది గుమాస్తాల కొలువు నుండి ఇంత పని వెలువడుట చిన్న సంగతి కాదు.

ఆ తరువాతి పదేండ్లు ఉత్తరువుల కాలము. 1957లో దశాంశ నాణెములు వచ్చెను. పిమ్మట మెట్రిక్ తూనికలు, కొలతలు. కుటుంబ నియంత్రణము, చిన్న మొత్తముల పొదుపు, ఆరోగ్య సూత్రములు, ఇట్లు ఏ శాఖకు ఏది ప్రజలకు చెప్పవలసి వచ్చినను కార్టూను విభాగమునకు కబురు వచ్చెడిది. చిత్రములకు తెలుగు మొదలగు పలు భాషలలో వ్యాఖ్యానము చేర్చి దేశమంతట హాళ్ళకు పంపిరి. వాటి ప్రదర్శన నిర్బంధము. న్యూసు రీలు నడుచునంతసేపు హాలు బయట సోడా త్రాగుచు కాలము పుచ్చు ప్రేక్షకుడు బొమ్మలు వచ్చిన యెడల లోనికి తొంగిచూచెడివాడని ఆనాటి హాళ్ళ నెరిగినవారు చెప్పుదురు. ఉత్తరువు పై గీసిన బొమ్మలన్నియు నిస్సారములని కొట్టివేయుట న్యాయము కాదు. ఒక అక్షరము చదువురాని రైతునకు కిలోగ్రాము అనగా ఎంతో, మీటరు అనగా ఎంతో నిమిషములలో తెలియజెప్పుట సామాన్యమైన పనియా? అయితే వాటిలో అధిక భాగము పాఠము ముగియగానే మరపునకు వచ్చినవనుట నిజము. వ్యాఖ్యాత గొంతు ముందు నడుచును. బొమ్మ చేతులు కట్టుకొని వెనుక నడుచును. కార్యాలయములలో ముసాయిదా వ్రాసినవాని వాక్యము పై అధికారి సంతకము నాటికి ఎట్లు మారిపోవునో, ఆ బొమ్మల గతియు అట్టిదే.

ఈ చట్రమును కొంచెము వంచినవారు ఇద్దరు ముగ్గురు. ఒరిస్సాకు చెందిన ప్రమోద్ పతి చెకోస్లొవేకియాలో జిరి త్రంకా వద్ద శిక్షణ పొంది వచ్చెను. మనుషులనే బొమ్మలవలె ఒక్కొక్క పటముగా కదిలించి 1972లో ‘ఆబిద్’ తీసెను. కనుసైగకు అందనంత వేగముగా పోవు ఆ చిత్రమును చూచి ఇది ప్రభుత్వ చిత్రమా యని ఆశ్చర్యపడనివారు అరుదు. రామ్‌మోహన్ ‘హోమో సాప్స్’ 1960ల ఉత్తరార్ధమున ప్రయోగాత్మక చిత్రముగా జాతీయ పురస్కారము నందెను. మనుష్యజాతిని గూర్చిన ఆ హాస్యమును ఏ శాఖవారి పద్దులో వేయవలెనో తెలియక ‘ప్రయోగము’ అని పేరు పెట్టిరేమో యనిపించును.

1968లో రామ్‌మోహన్ ప్రభుత్వ కొలువు విడిచెను. ఆయనను చేర్చుకొన్నది ప్రసాద్ ప్రొడక్షన్సు. అనగా ఏలూరు సమీపమున సోమవరప్పాడు గ్రామములో పుట్టి, బొంబాయిలోను మద్రాసులోను చిత్రసీమకు మూలస్తంభమైన ఎల్. వి. ప్రసాద్ గారి సంస్థ. ఆ సంస్థ యానిమేషన్ విభాగమునకు రామ్‌మోహన్ అధిపతి యయ్యెను. 1972లో సొంత సంస్థ పెట్టుకొనెను. కలిమి గల వర్తకుడు ఈ కళను పోషింపవచ్చునని పైన చెప్పిన మాటకు భారతదేశమున తొలి నిదర్శనములలో ఒకటి మన తెలుగువాని పేరున ఉన్నది. ఈ సంగతి ఆయన జీవితకథలలో ఎక్కువగా కనబడదు. 1982వ సంవత్సరపు ఫాల్కే పురస్కారము ప్రసాద్ గారికి లభించినది. అగ్గిపుల్లలతో బొమ్మలాడించిన ఫాల్కే పేరిటి బిరుదు ఈ విధముగ కూడ ఆయనకు తగినదే.

రామ్‌మోహన్ చేతిపనికి బెంగాలు దర్శకులు కూడ విలువ కట్టిరి. మృణాల్ సేన్ 1969లో తీసిన ‘భువన్ షోమ్’ ఒక కఠినుడైన రైల్వే అధికారి కథ. నియమమే ప్రాణముగా బ్రతికి, సెలవు పెట్టి పిట్టల వేటకు పోయి, ఒక పల్లెపడుచు ముందు మనిషిగా మారినవాని కథ. ఉత్పల్ దత్ ఆ పాత్ర ధరించెను. అందు వచ్చు కార్టూను భాగము రామ్‌మోహన్‌ది. కేంద్ర ప్రభుత్వపు అధికారిని ఇంత ముద్దుగా ఎగతాళి చేసిన చిత్రమునకు కేంద్ర ప్రభుత్వమే ఉత్తమ చిత్ర పురస్కార మిచ్చెను! సత్యజిత్ రాయ్ 1977లో తీసిన ‘శత్‌రంజ్ కే ఖిలాడీ’లోను ఆయన బొమ్మలే. ఇంగ్లీషు కుంపిణీవారు సంస్థానములను చెర్రీ పండ్లవలె ఒక్కొక్కటిగా నోట వేసికొనుట అందు హాస్యముగా చూపబడినది. పాఠ్యపుస్తకములో నాలుగు పుటలు పట్టు రాజ్యసంక్రమణ సిద్ధాంతము నిమిషములలో ముగిసినది. ఆ చిత్రపు నవాబు వాజిద్ అలీ షా అయోధ్య సింహాసనము పోగొట్టుకొని 1856లో కలకత్తాకు వచ్చి, 1887లో గతించువరకు కాలము గడపినది ఈ మటియాబురుజుననే. ఆ పండ్లలో చివరి పండు ఏక్‌బాల్‌పూరునకు కూతవేటు దూరమున రాలినదన్నమాట.

ఇక హుగ్లీ. పున్నమి, అమావాస్యల పోటు సమయమున సముద్రపు నీరు గోడవలె లేచి నదికి ఎదురెక్కి వచ్చుట ఈ నదికి సహజము. బెంగాలీలు దానిని ‘బాన్’ అందురు. ఘట్టముల యొద్ద పడవలను నడిమి నీటికి తోసికొనుట రేవు ప్రాంతముల వారు చూచినదే. 1960లలో కలకత్తాలో సెన్సారు బోర్డు ప్రాంతీయాధికారిణిగా ఉండిన విజయా మూలే ఈ దృశ్యమును ‘ది టైడల్ బోర్’ అను చిన్న చిత్రముగా తీసినది. ఆమె వృత్తిచే విద్యాశాఖాధికారిణి. 1921లో బొంబాయిలో పుట్టి, పాట్నాలో కాపురముండి, ఢిల్లీలో ఫిల్ము సొసైటీ నడిపి, 1959లో సత్యజిత్ రాయ్ మొదలగువారితో కలసి ఫిల్ము సొసైటీల సమాఖ్య స్థాపించినవారిలో ఒకతె. ‘భువన్ షోమ్’లోని పల్లెపడుచు పాత్ర ధరించిన సుహాసిని ఈమె కుమార్తెయే. ఇతరుల చిత్రములకు కత్తెర వేయు కొలువులో ఉండి తాను చిత్రము తీయుటకు సాహసించుట ఉద్యోగ లోకమున అరుదు. సాధారణముగ ఆ కొలువు మనిషిలోని ఉత్సాహమునకే ముందు కత్తెర వేయును.

అటుపిమ్మట ఆమె ఢిల్లీలో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలికి చెందిన విద్యా సాంకేతిక కేంద్రమున పనిచేసెను. 1974లో వచ్చిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ ఆ కేంద్రమునుండి వెలువడినదే. బొమ్మలు భీమ్‌సేన్‌వి. ఈయనయు ఫిల్మ్స్ డివిజన్‌లో వెనుక దృశ్యములకు రంగులు వేయు ఉద్యోగిగా 1961లో చేరినవాడు. బయటికి వచ్చి 1970లో తీసిన ‘ది క్లైంబ్’ షికాగో చిత్రోత్సవమున రజత బహుమానమును గెలిచినది. కొలువులో పదేండ్లు గీచినను పడని పేరు బయట మొదటి అడుగులోనే పడెను. వసంత్ దేశాయి సంగీతముతో, బాలికయైన సాధనా సర్గమ్ గొంతుతో నడచిన ‘ఏక్ అనేక్’ పాట ఉత్తరాది పిల్లలకు కంఠస్థము. 1980లలో దూరదర్శన్ దానిని పలుమార్లు ప్రసారము చేయగా దక్షిణాదివారికిని పరిచితమైనది.

ఈ చిత్రము కొంత నిలిచి చూడదగినది. ఒకటి అనగానేమి, అనేకము అనగానేమి అని తమ్ముడు అడుగును; అక్క చెప్పును. సూర్యుడొకడు, చంద్రుడొకడు, నక్షత్రము లనేకము. అటుపైన కథ: వేటగాని వలలో చిక్కిన పక్షులన్నియు ఒక్క పెట్టున రెక్కలు కొట్టి వలతోనే యెగిరిపోవును, ఎలుకలు వల కొరికి వాటిని విడిపించును. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ చదివిన ఆంధ్రులకు ఇది చిత్రగ్రీవుని కథయని చెప్పనక్కరలేదు. 1853లో వెలువడిన ఆ గ్రంథపు ‘మిత్రలాభము’ మన బడులలో తరతరములవారు వల్లెవేసినది. అయితే ఒక భేదము గమనింపదగినది. సూరి కథలో కపోతములకు రాజు కలడు. ఆతడు బుద్ధి చెప్పును, అనుచరులు చేయుదురు. ఎలుక యైన హిరణ్యకుడు ఆ రాజునకు చెలికాడు గనుక వచ్చును. భీమ్‌సేన్ బొమ్మలలో రాజరికపు ఆర్భాటము లేదు. పిట్టలన్నియు ఇంచుమించు ఒకే కొలతవి. ఒకటి తెలివిగా మాటాడినను దానికి కిరీటము పెట్టలేదు. అప్పటి ప్రభుత్వము కోరినది జాతీయ సమైక్యత అను పాఠము. కుంచె గీసినది అంతకంటె సూక్ష్మమైనది: సమానుల కూటమి. పాఠము పాటలో ఉన్నది. అర్థము గీతలో ఉన్నది. ఉత్తరువును ధిక్కరింపకయే ఉత్తరువును దాటుట యెట్లో తెలియగోరువారు ఈ ఏడు నిమిషములు చూడవచ్చును. రేఖలు పొదుపుగా ఉన్నవి. వెనుక దృశ్యము దాదాపు శూన్యము. డిస్నీ నడక ఇందు కానరాదు. ‘బన్యన్ డీర్’ నాడు అప్పుగా తెచ్చుకొన్న నడక పదునేడేండ్లకు తీరినది.

దీనికి జాతీయ పురస్కారము వచ్చినది. ఏ తరగతిలో? ఉత్తమ విద్యావిషయక చిత్రముగా! బొమ్మలకు కాక పాఠమునకు బహుమానము. ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. ఇట్టి తికమక విదేశములలోను కలదు. కెనడా జాతీయ చలనచిత్ర మండలిలో నార్మన్ మెక్‌లారెన్ తీసిన ‘నైబర్స్’ పొరుగువారిద్దరు ఒక పూవు కొరకు కొట్టుకొని చచ్చు కథ. మనుషులను పటము పటముగా కదిలించి తీసిన కట్టుకథకు 1953లో అకాడమీవారు డాక్యుమెంటరీ బహుమానమిచ్చిరి. మెక్‌లారెన్ ఆ కాలముననే యునెస్కో పనిపై భారతదేశమున ఉండెను. పురస్కారములు ఇచ్చువారికి అరలు ముఖ్యము. వచ్చిన వస్తువు ఏ అరలోను పట్టనపుడు దగ్గరగా ఉన్న అరలో పెట్టుదురు. ఫైలుకు సంఖ్య వేయు గుమాస్తా ఈ కష్టమును బాగుగ నెరుగును.

1975–76లో ఉపగ్రహము ద్వారా గ్రామములకు టెలివిజన్ చూపు ‘సైట్’ ప్రయోగము జరిగినది. ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములు ఎన్నికయైనవి. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ ప్రయోగమునకై పిల్లల కార్యక్రమములు సిద్ధపరచినది విజయా మూలే నడిపిన కేంద్రమే. విద్యుత్తు అప్పుడప్పుడే చేరిన తెలంగాణ పల్లెలలో బడి వరండాపై గుమిగూడిన పిల్లలకు కదిలెడి బొమ్మలు మొదటిసారి కనబడినది హాలులో కాదు, ఆకాశమునుండి. ఆ సంకేతములను పంపినది అమెరికావారి ఉపగ్రహము, అద్దెకు కాదు, ఎరవుగా.

కెనడా ప్రసక్తి వచ్చినది గనుక అకాడమీ పట్టికలను చూడవలెను. గుజరాతులో 1942లో పుట్టి, అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో తేలిన ఈషూ పటేల్ 1972 నుండి కెనడా మండలిలో పనిచేసెను. ఆయన ‘బీడ్ గేమ్’ 1977వ సంవత్సరపు చిత్రములలో పురస్కారమునకు ప్రతిపాదింపబడిన నాలుగింటిలో ఒకటి. తక్కిన మూడు: కెనడా మండలివారిదే యైన కో హూడ్‌మాన్ చిత్రము ‘ది శాండ్ కాసిల్’, హబ్లీ దంపతులును ట్రూడోయును కలసి చేసిన ‘ది డూన్స్‌బరీ స్పెషల్’, జిమ్మీ పికర్ మట్టిబొమ్మల చిత్రము ‘జిమ్మీ ది సి’. కడపటిది నాటి అధ్యక్షుడు కార్టరును పాడించిన తమాషా, నవ్వించి పోవును. ‘డూన్స్‌బరీ’ పత్రికలోని బొమ్మలకథను టెలివిజనుకు మార్చినది. అందు మాటలెక్కువ, కదలిక తక్కువ. అసలు పోటీ ఇసుకకును పూసలకును. ‘శాండ్ కాసిల్’లో ఇసుకనుండి లేచిన మనిషి తనవంటి జీవులను చేయును, అందరును కలసి కోట కట్టుదురు, గాలి వచ్చి కప్పివేయును. ‘బీడ్ గేమ్’లో నల్లని పీఠముపై పూసలు చేరి పురుగగును, పురుగును చేప మ్రింగును, చేపను మృగము, మృగములనుండి మనిషి పుట్టి ఆయుధము పట్టును, ఆయుధము అణుబాంబు వరకు పోవును. తబలా మ్రోత తప్ప మాటలేదు. అయిదున్నర నిమిషములలో జీవపరిణామమంతయు! బహుమానము ఇసుకకు పోయెను. ఆ తీర్పును తప్పనుటకు వీలులేదు. ఇసుక మనుషులలో ప్రేమించదగిన దేదో కలదు, పూసలలో భయపెట్టునది కలదు. కాని ఒక రూపము మరియొక రూపముగ మారునపుడు ఎక్కడ అతుకు పడినదో చెప్పలేని నేర్పు పటేల్‌దే. పోటీలో ప్రేమ గెలిచినది. పనితనము మాత్రము పూసలదే పైచేయి.

1984వ సంవత్సరపు చిత్రములలో ఆయన ‘పారడైస్’ మరల పట్టికకెక్కినది. ఈసారి మూడే చిత్రములు. గెలిచినది జాన్ మిన్నిస్ అను కెనడా విద్యార్థి చేసిన ‘షరేడ్’. అభినయము చేసి పేరు చెప్పించు ఆటపై అల్లిన చిన్న హాస్యము. మూడవది నక్కకు పన్ను పీకవలసి వచ్చిన ఎలుక వైద్యుని కథ ‘డాక్టర్ డి సోటో’; విష్ణుశర్మ చూచినచో తన కథయే యనుకొనును. ‘పారడైస్’లో ఒక నల్లని పక్షి చక్రవర్తి మేడలోని తళుకు పక్షిని చూచి, అరువు ఈకలు సింగారించుకొని తానును మేడ చేరబోవును, తళుకు పక్షికి బంగారు పంజరము కలదని ఆలస్యముగ తెలియును. నెమలి ఈకల కాకి కథ వినని తెలుగు బాలుడు లేడు గనుక కథలో క్రొత్తదనము లేదు. క్రొత్తదనము వెలుగులో ఉన్నది. కాగితమున సన్నని రంధ్రములు పొడిచి వెనుకనుండి దీపపు వెలుగును పంపి ఆ మేడను మెరిపించిరి. మన తోలుబొమ్మ నెరిగినవానికి ఇది చూడగనే ప్రాణము లేచివచ్చును. నిమ్మలకుంట పనివారు మేకతోలును పలుచన చేసి, రంగులద్ది, రావణుని కిరీటము మీదను సీత హారముల మీదను ఉలితో చిల్లులు పొడుతురు. దీపము వెనుకనుండగా ఆ చిల్లులే రత్నములగును. పాల్కురికి సోమనాథుని కాలమునాటికే ఆంధ్రదేశమున బొమ్మలాటలు కలవు. ‘షరేడ్’ నవ్వు ఒక సాయంకాలమునకు చాలును. ‘పారడైస్’ వెలుగు అంతకంటె నిలుచును. ఈ మారు తీర్పు పొరపాటుగనే తోచును.

ఇచ్చట ఒక పోలిక తప్పదు. కెనడా మండలి 1939లో పుట్టిన ప్రభుత్వ సంస్థ. మన ఫిల్మ్స్ డివిజన్ వలెనే ప్రజల పన్నులతో నడిచినది. అచ్చటివారును నెలజీతము పుచ్చుకొన్నవారే. అయినను 1978 నాటి పట్టికలో నాలుగింట రెండు వారివి; మన విభాగపు కార్టూను ఒక్కటియు అట్టి పట్టిక కెక్కిన జాడ లేదు. మనవారికి చేతగాలేదనుటకు పటేలే అడ్డు సాక్షి. నేర్పు ఇచ్చటిదే, ఫలము అచ్చటిది. మెక్‌లారెన్ వంటివానికి ఆ సంస్థ ఏ ఉపయోగమును అడుగక గది, జీతము, కాలము ఇచ్చినది. ఇచ్చట కాలమునకు ముందు కారణము అడిగిరి. బీద దేశమున అడుగుట తప్పు కాదు. బడులు, ఆసుపత్రులు వేచియుండగా పూసల ఆటకు ధనమేల యని పద్దు పరిశీలకుడు అడిగినచో దానికి సులభమైన జవాబు లేదు. అయినను ఇచ్చిన కారణములన్నియు కాలముతో పోయినవి. కిలోగ్రాము ఇప్పుడు ఎవరికిని చెప్పనక్కరలేదు. నిలిచినది ఆ పిట్టల రెక్క.

2006లో గీతాంజలి రావు అను బొంబాయి చిత్రకారిణి పదునైదు నిమిషముల ‘ప్రింటెడ్ రెయిన్‌బో’ను తన చేతితోనే గీచి కాన్ చిత్రోత్సవపు విమర్శకుల వారమున మూడు బహుమానములు గెలిచెను. ఒంటరి ముదుసలి, ఆమె పిల్లి, ఆమె దాచుకొన్న అగ్గిపెట్టెల మీది బొమ్మలు; ఆ బొమ్మలలోనికి ఆమె నడచిపోవును. ముదుసలి గది బూడిదరంగు, అగ్గిపెట్టె లోకము సప్తవర్ణము. ఫాల్కే అగ్గిపుల్లలకు తొంబదియేండ్ల తరువాత పెట్టె దొరికినది. ఏ శాఖయు ఈ చిత్రమును కోరలేదు. కలకత్తాలోని సత్యజిత్ రాయ్ చలనచిత్ర సంస్థలో నేడు యానిమేషన్ శాఖ కలదు. అదియు సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ క్రిందిదే. అచ్చటి పిల్లలు సెల్యులాయిడు రేకును చేత పట్టియుండరు.

భీమ్‌సేన్ 2018లోను, విజయా మూలే, రామ్‌మోహన్ 2019లోను గతించిరి. రామ్‌మోహన్‌కు 2014లో పద్మశ్రీ లభించినది. ఫిల్మ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది.